ట్రయాప్స్ పెంపకం: పొడి గుడ్డు నుంచి మళ్లీ పొడి గుడ్డు దాకా

వాన గుంటల్లో బతికే ట్రయాప్స్ అనే చిన్న జీవుల గుడ్లు చేతిలో పోసుకుంటే గోధుమరంగు దుమ్ములా కనిపిస్తాయి. ఒక్కో గుడ్డు అర మిల్లీమీటరుకు మించదు. సరైన నీళ్లలో వేస్తే ఒకటి రెండు రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. రెండు వారాలు తిరిగేసరికి మూడు నాలుగు సెంటీమీటర్ల జంతువులై అడుగున ఇసుక తవ్వుతూ కనిపిస్తాయి. రెండు మూడు నెలల్లోపే బతుకు ముగించుకుని, మళ్లీ అదే దుమ్మును మీకు మిగిల్చి పోతాయి.

టాడ్‌పోల్ ష్రింప్ అనేది వీటికున్న ఇంకో పేరు. నిజానికి ఇవి మనం తినే రొయ్యలకు దగ్గరి చుట్టాలు కావు. నీటి ఈగలుగా పిలిచే డాఫ్నియా, ఆక్వేరియం చేపలకు వేసే ఆర్టీమియా వీటి దగ్గరి బంధువులు. వీపు మీద డాలు లాంటి పెంకు, దాని ముందు అంచున రెండు కళ్లు, వాటి మధ్య చిన్న మూడో కన్ను, కింద పదుల సంఖ్యలో కాళ్లు, వెనక సన్నటి తోక, తోక చివర దారాల్లాంటి రెండు కొసలు. ఆ కాళ్లతోనే ఈదుతాయి, తిండిని నోటి వైపు నెట్టుకుంటాయి, ఊపిరి కూడా వాటితోనే తీసుకుంటాయి.

ఇంట్లో పెంచుకోవడానికి అమ్మే కిట్ల డబ్బాల మీద 'డైనోసార్ల కాలం నాటి జీవి' అని పెద్ద అక్షరాలతో రాస్తారు. ఆ మాట సగం నిజం. ఇదే ఆకారం ఉన్న శిలాజాలు 20 కోట్ల ఏళ్లకు పూర్వపు రాళ్లలో దొరికాయి. ఆకారం పాతదే గానీ, మీ డబ్బాలో తిరిగే జాతి అంత పాతది కాదు.

పని మొదలుపెట్టే ముందు ఒక్క విషయం అర్థం చేసుకుంటే మిగతాదంతా తేలికవుతుంది. ఇవి వాన గుంటల జీవులు. ఎండిన గుంట అడుగు మట్టిలో గుడ్లు ఏళ్ల తరబడి పడుంటాయి. వాన పడగానే గుంట నిండేది లవణాలు దాదాపు లేని నీళ్లతో. నీళ్లు లోతు లేకుండా, వెచ్చగా, ఎండ అడుగు దాకా తగిలేలా ఉంటాయి. గుడ్డుకు అదే పిలుపు. తర్వాత మట్టిలోని ఖనిజాలు నీళ్లలో కరుగుతాయి, కుళ్లిన ఆకుల మీద సూక్ష్మజీవులు పుడతాయి, పిల్లలకు తిండి దొరుకుతుంది. గుంట మళ్లీ ఎండేలోపు పెరిగి, గుడ్లు పెట్టేయాలి. అందుకే ఆ పరుగు. మీరు చేయబోయే ప్రతి పనీ ఈ గుంట కథను ఇంట్లో అదే వరసలో జరిపించడమే. వరస తప్పితే, అంటే మొదటి రోజే తిండి వేసినా, మొదటి నీళ్లే ఉప్పునీళ్లయినా, ఎంత ఖరీదైన కిట్ కొన్నా ఫలితం ఉండదు.

ముందుగా సమకూర్చుకునేవి

గుడ్లు విడిగానూ దొరుకుతాయి, ఇసుకలో కలిపీ అమ్ముతారు. మొదటిసారి పెంచేవాళ్లకు ట్రయాప్స్ లాంగికాడేటస్ అనే జాతి మంచిది. త్వరగా పెరుగుతుంది, వెచ్చదనాన్ని తట్టుకుంటుంది, చిన్న చిన్న పొరపాట్లను ఓర్చుకుంటుంది. ట్రయాప్స్ కాంక్రిఫార్మిస్ కాస్త చల్లటి నీళ్లను ఇష్టపడుతుంది, పెరుగుదల నెమ్మది. రెండు జాతుల్ని ఒకే డబ్బాలో వేయకండి. ముందు పెరిగినవి వెనకబడ్డవాటిని తినేస్తాయి.

గుడ్లు వేయడానికి అర లీటరు నుంచి లీటరు పట్టే, వెడల్పుగా ఉండే పారదర్శకమైన డబ్బా ఒకటి చాలు. పెద్దయ్యాక ఉండటానికి ఎనిమిది పది లీటర్ల తొట్టి కావాలి. థర్మామీటరు, చిన్న ఎల్ఈడీ టేబుల్ లైటు, డ్రాపరు, స్పైరులినా అనే నాచు పొడి, చేపలకు వేసే ఫ్లేక్స్ లేదా అడుగుకు మునిగే గుళికలు, సన్నటి కడిగిన ఇసుక ఉంటే సరిపోతుంది. డబ్బాను గానీ తొట్టిని గానీ సబ్బుతో తోమకండి. ఎంత కడిగినా కాస్త మిగులుతుంది, పిల్లల్ని చంపడానికి ఆ కాస్త చాలు. వేడినీళ్లతో కడిగి ఆరబెట్టండి.

నీళ్లు

సగం గెలుపు ఇక్కడే ఉంది. గుడ్డు లోపలి పిల్ల బయటికి రావాలంటే గుడ్డు నీళ్లు పీల్చుకుని ఉబ్బి, పైపొర చిట్లాలి. బయటి నీళ్లలో లవణాలు ఎక్కువుంటే గుడ్డు సరిగ్గా పీల్చుకోదు. అంటే గుంటలోకి కొత్త వాననీళ్లు రాలేదని దానికి లెక్క. అది నిద్రలోనే ఉండిపోతుంది.

కాబట్టి గుడ్లు వేసే డబ్బాకు డిస్టిల్డ్ వాటర్ గానీ ఆర్వో నీళ్లు గానీ వాడండి. నీళ్లలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు ఉంటే 100 లోపు చూపించాలి, 50 లోపుంటే ఇంకా మంచిది. కొన్ని ఆర్వో మెషిన్లు రుచి కోసం ఖనిజాలు తిరిగి కలుపుతాయి, అలాంటి నీళ్లు ఒకసారి కొలిచి చూసుకోండి. సీసాలో అమ్మే నీళ్లయితే లేబుల్ మీద ఖనిజాల లెక్క చదవండి. శుభ్రమైన గిన్నెలో నేరుగా పట్టిన వాననీళ్లు కూడా పనికొస్తాయి, కాకపోతే వాన మొదలైన కాసేపటి దాకా పడే నీళ్లు వదిలేసి తర్వాతివి పట్టుకోవాలి. పైకప్పు మీంచి కారేవి వద్దు.

కుళాయి నీళ్లు ఈ దశలో వద్దనే చెప్తాను. క్లోరిన్ ఒక రోజు తెరిచి ఉంచితే పోతుంది, కానీ కొన్నిచోట్ల కలిపే క్లోరమైన్ అలా పోదు. రెండూ పోయినా లవణాలు మిగిలే ఉంటాయి.

ఇక రాగి. గుల్ల జీవులన్నిటికీ రాగి విషం. రాగి పాత్రలో నిల్వ పెట్టిన నీళ్లు మనకు ఎంత మంచివైనా వీటికి పనికిరావు. ఏసీ నుంచి కారే నీళ్లు డిస్టిల్డ్ నీళ్ల లాంటివేగా అని కొందరు పట్టి వాడతారు. అవి కారేది రాగి గొట్టాలున్న కాయిల్ మీంచి. ఆ ఆలోచన మానుకోండి. చేపల జబ్బులకు వాడే మందుల్లో చాలావాటిలో రాగి ఉంటుంది, అందుకే పాత ఆక్వేరియం నీళ్లు కలపాలనుకుంటే దాంట్లో ఎప్పుడైనా మందు వేశారా అన్నది ముందు కనుక్కోండి.

గుడ్లు వేయడం

డబ్బాలో నీళ్లు మూడు నాలుగు సెంటీమీటర్ల ఎత్తుకు పోయండి. లోతు తక్కువైతే వెలుగు అడుగు దాకా వెళ్తుంది, పిల్లల్ని వెతకడమూ తేలిక. నీళ్లు 23 నుంచి 26 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండేలా చూసుకోండి. ఇరవైకి తగ్గితే పని సాగదు. ముప్పై దాటితే నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది, చెడిపోవడమూ వేగం.

ఇరవై ముప్పై గుడ్లు చాలు. ప్యాకెట్ మొత్తం ఒకేసారి పోసేయాలన్న ఆరాటం చాలామందికి ఉంటుంది. సగం దాచుకోండి. ఏదైనా తేడా వస్తే మళ్లీ మొదలుపెట్టడానికి ఆ సగమే దిక్కు. ఇసుకలో కలిపిన గుడ్లయితే ఒక చెంచా ఇసుక వేస్తే సరిపోతుంది.

కొన్ని గుడ్లు తేలి, డబ్బా గోడకు అంటుకుంటాయి. నీటి మట్టానికి పైన అంటుకున్నవి అక్కడే ఎండిపోతాయి. డ్రాపర్‌తో నీళ్లు కొట్టి వాటిని కిందికి దించండి. ఇలా మొదటి కొన్ని గంటల్లో రెండు మూడుసార్లు చూడాలి.

ఇదే సమయంలో ఎండిన ఆకు ముక్క ఒకటి, చిటికెన వేలి గోరంత, నీళ్లలో వేయండి. ఆక్వేరియం వాళ్లు వాడే బాదం ఆకు బాగుంటుంది. మందులు కొట్టని చెట్టుది ఏదైనా, బాగా ఎండిందైతే చాలు. ఆకు మెత్తబడేకొద్దీ దాని మీద కంటికి కనిపించని జీవులు పెరుగుతాయి. పిల్లల మొదటి తిండి అదే. కిట్లలో టీ బ్యాగ్ లాంటి సంచీ ఇస్తే అందులో ఉండేదీ ఇలాంటి ఆకు చెత్తే. పెద్ద ముక్క వేస్తే నీళ్లు చెడిపోతాయి, గోరంత అంటే గోరంతే.

లైటు డబ్బాకు ఒక జానెడు పైన పెట్టి, మొదటి రెండు రోజులు రాత్రీ పగలూ వెలగనివ్వండి. చీకట్లో గుడ్లు సరిగ్గా మేలుకోవు. ఎల్ఈడీ అయితే వేడి సమస్య ఉండదు. పాతకాలపు బల్బు అయితే గంటకోసారి థర్మామీటరు చూడాలి. కిటికీ పక్కన నేరుగా ఎండలో మాత్రం పెట్టకండి. ఇంత తక్కువ నీళ్లు మధ్యాహ్నానికి పొయ్యి మీద పెట్టినట్టే కాగుతాయి.

పిల్లలు వచ్చాయా లేదా?

పద్దెనిమిది ఇరవై గంటల తర్వాత నుంచి చూడటం మొదలుపెట్టండి. సాధారణంగా ఒకటి నుంచి రెండు రోజుల మధ్య వస్తాయి. గదిలో లైటు తగ్గించి, డబ్బా వెనక నల్ల కాగితం పెట్టి, పక్క నుంచి టార్చి వేయండి. వెలుగు పడిన చోట ముందు దుమ్ము కణాలే కనిపిస్తాయి, అవి నీళ్లతోపాటు మెల్లగా జరుగుతుంటాయి. రెప్ప వేయకుండా ఓ నిమిషం చూడండి. ఒక తెల్లటి చుక్క చటుక్కున ఎగిరి, ఆగి, కొంచెం మునిగి, మళ్లీ ఎగురుతుంది. అదే పిల్ల. టార్చి మరో మూలకు జరిపితే కాసేపట్లో ఆ చుక్కలు అటు చేరతాయి. దుమ్ము అలా చేరదు.

ఇసుకలో కలిపిన గుడ్లలో వేరే గుంట జీవుల గుడ్లూ ఉండొచ్చు. వెల్లకిలా ఈదుతూ పెరిగేవి ఫెయిరీ ష్రింప్. వాటివల్ల హాని లేదు, చివరికి ట్రయాప్స్‌కే తిండి అవుతాయి.

మూడు రోజులు దాటినా ఒక్కటీ రాలేదంటే గుడ్లు చెడిపోయాయని పారేయకండి. నీళ్ల లవణాలు, వేడి, వెలుగు ఈ మూడూ ఒకసారి చూసుకోండి. అన్నీ సరిగ్గా ఉన్నా కొన్ని గుడ్లు మేలుకోవు. గుంటలో మొదటి వానకే అన్నీ పగిలి, ఆ నీళ్లు వారంలో ఎండిపోతే వంశమే పోతుంది కదా. అందుకని ఒక వంతు ఈ వానకు, ఒక వంతు వచ్చే వానకు అన్నట్టు వాయిదాలుగా పగులుతాయి. నీళ్లు వంచేసి, అడుగున మిగిలినవాటిని పూర్తిగా ఆరనిచ్చి, రెండు మూడు వారాల తర్వాత కొత్త నీళ్లు పోయండి. రెండో వాయిదాలో పిల్లలు దిగడం మామూలే.

మొదటి మూడు రోజులు: చేతులు కట్టుకోవడమే పని

ఎక్కువమంది ట్రయాప్స్ పోగొట్టుకునేది ఇక్కడే, అదీ ప్రేమతోనే. పిల్ల పుట్టగానే తిండి వేయాలనిపిస్తుంది. మొదటి రోజు దానికి తిండి అక్కర్లేదు, గుడ్డులోంచి తెచ్చుకున్న పచ్చసొన మీదే బతుకుతుంది. మీరు వేసిన తిండి తినేవాళ్లు లేక కుళ్లుతుంది, బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరుగుతుంది, అర లీటరు నీళ్లలో ఉన్న ఆక్సిజన్ తెల్లారేసరికి అయిపోతుంది.

రెండో రోజు నుంచి టూత్‌పిక్ కొనను నీళ్లలో తడిపి, స్పైరులినా పొడిలో అద్ది, దానికి అంటుకున్నంత మాత్రమే డబ్బాలో కలపండి. నీళ్లలో లేత పచ్చదనం ఉందా లేదా అన్నట్టు ఉండాలి. మళ్లీ తిండి వేసేది ఆ పచ్చదనం పోయాకే. రోజుకోసారి చాలు. గుడ్డు పచ్చసొన, పాల పొడి, ఈస్ట్ వేయమని సలహాలు దొరుకుతాయి. ఇంత కొద్ది నీళ్లలో అవి మంచి చేసేలోపే చెడు చేస్తాయి.

నీళ్లు మార్చకండి. ఆవిరైనంత మేర అదే రకం నీళ్లు, అదే వేడిలో, డ్రాపర్‌తో పోయండి. నీటి పైన నూనె లాంటి తెర కడితే కాగితం నాప్కిన్ ముక్కను పైన పరిచి మెల్లగా లాగేస్తే తెర దానితో వచ్చేస్తుంది. పిల్లలు అంటుకున్నాయేమో చూసి తీయండి.

రోజూ లెక్కపెట్టుకుంటూ టెన్షన్ పడటం దండగ. పుట్టినవాటిలో చాలావరకు ఈ రోజుల్లో పోతాయి. గుంటలోనూ అంతే. మూడో రోజుకు మిగిలినవి దాదాపుగా నిలబడతాయి. ఇప్పటినుంచి రాత్రి లైటు ఆర్పేయొచ్చు.

ఈ మూడు రోజుల్లో వాటి ఒంట్లో జరిగే మార్పు చూడటానికి భూతద్దం ఉంటే బాగుంటుంది. పుట్టినప్పుడు ఒక గుండ్రటి ఒళ్లు, ఈదడానికి పొడవాటి చేతుల్లాంటి జత, ఒకే ఒక్క కన్ను. కొన్ని గంటలకోసారి పైపొర విడిచి కొంచెం పొడవవుతుంది. వెనక భాగం సాగుతుంది, డాలు మొలుస్తుంది, రెండు పెద్ద కళ్లు వస్తాయి. నాలుగో రోజుకు మామూలు కంటికే చిన్న ట్రయాప్స్‌లా కనిపిస్తుంది. అప్పటిదాకా నీళ్ల మధ్యలో తిరిగింది కాస్తా అడుగుకు దిగి వెతకడం మొదలుపెడుతుంది. ఇక ఇల్లు మార్చే సమయం వచ్చింది.

పెద్ద తొట్టిలోకి

తొట్టి ఎత్తుగా కాక వెడల్పుగా ఉంటే మంచిది. ఇవి అడుగున తిరిగే జీవులు, గాలి నీళ్లలో కలిసేది పైభాగంలో. ఒక్కో పెద్ద ట్రయాప్స్‌కు రెండు మూడు లీటర్లు అనుకోండి. అంటే ఎనిమిది లీటర్ల తొట్టిలో మూడు, మహా అయితే నాలుగు.

అడుగున ఒకటి రెండు సెంటీమీటర్ల మందాన సన్నటి ఇసుక పరవండి. నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి వేయాలి. పదునైన అంచుల రంగురాళ్లు వద్దు, తవ్వేటప్పుడు కాళ్లు, పొట్ట భాగం గీసుకుపోతాయి. మొక్కలు నాటితే పీకి పడేస్తాయి. పైన తేలే మొక్క ఏదైనా ఉంచుకోవచ్చు.

ఇక్కడ నీళ్ల లెక్క మారుతుంది. గుంటలో ఖనిజాలు కరిగే దశ ఇది. పెంకు కట్టడానికి కాల్షియం కావాలి, కాబట్టి డిస్టిల్డ్ నీళ్లలోనే ఉంచితే ఎదగవు. క్లోరిన్, క్లోరమైన్ విరిచే చుక్కలు వేసిన కుళాయి నీళ్లు గానీ, మరీ ఉప్పగా లేని బోరు నీళ్లు గానీ పనికొస్తాయి. పీహెచ్ 7 నుంచి 9 లోపు ఉండాలి. ఆరుకు దిగితే కష్టం.

మార్పు మాత్రం నిదానంగా చేయాలి. తొట్టి నీళ్లు, డబ్బా నీళ్లు ఒకే వేడిలో ఉన్నాయో లేదో ముందు కొలవండి. తర్వాత తొట్టి నీళ్లను అరగంటకోసారి కొద్దికొద్దిగా డబ్బాలో కలుపుతూ పోండి. మూడు నాలుగు గంటల్లో డబ్బాలో నీళ్లు రెట్టింపు కావాలి. అప్పుడు పిల్లల్ని చెంచాతో నీళ్లతో సహా ఎత్తి తొట్టిలోకి దించండి. వలతో పట్టకండి, కాళ్లు చిక్కుకుంటాయి. డబ్బా అడుగున మిగిలిన ఇసుకను, పగలని గుడ్లను పారేయకుండా ఆరబెట్టి దాచండి.

గాలి పంపు పెట్టేవాళ్లు స్పాంజ్ ఫిల్టర్ వాడండి, బుడగలు నెమ్మదిగా వచ్చేలా తిప్పుకోండి. నీళ్లు గట్టిగా లాగే ఫిల్టర్లు చిన్నవాటిని మింగేస్తాయి. చేపలతో కలిపి పెంచొచ్చా అని అడుగుతారు. వద్దు. చిన్నప్పుడు ఇవి చేపలకు తిండి, పెద్దయ్యాక ఇవే చేపల రెక్కలు కొరుకుతాయి.

తిండి, కడుపు మాడితే జరిగేది

ఐదో రోజు నుంచి పెరుగుదల మామూలుగా ఉండదు. నిన్న చూసినదానికి ఇవాళ చూసినదానికి తేడా తెలిసిపోతుంది. రోజుకు రెండుసార్లు తిండి వేయాలి. మొదట్లో నలిపిన ఫ్లేక్స్, వారం దాటాక మునిగే గుళికలు. ఎండబెట్టినవి గానీ ఫ్రోజెన్‌వి గానీ బ్లడ్‌వార్మ్స్ అనే ఎర్ర పురుగులు, డాఫ్నియా అప్పుడప్పుడూ వేస్తే బాగా ఎదుగుతాయి. ఉడికించిన క్యారెట్ ముక్క వేస్తే డాలు కింద దాచుకుని బొర్లా పడి మరీ కొరుకుతాయి. గంటా రెండు గంటల్లో తినగలిగినంతే వేయండి, మిగిలింది తీసేయండి.

తక్కువ వేస్తే ఏమవుతుంది? ఒకదాన్నొకటి తింటాయి. ముఖ్యంగా అప్పుడే పెంకు విడిచి మెత్తగా ఉన్నదాన్ని మిగతావి వదలవు. ఇది క్రూరత్వం అనుకుని ఇంట్లో పిల్లల ముందు సిగ్గుపడాల్సిన పనేం లేదు, గుంటలో తిండి తగ్గినప్పుడు జరిగేదే. తిండి సరిపడా ఉండి, చోటు ఉంటే చాలావరకు తగ్గుతుంది. పూర్తిగా మాత్రం ఆగదు. ఒకటి మిగతావాటికి రెట్టింపు పెరిగిపోయిందంటే దాన్ని వేరే తొట్టిలోకి మార్చండి.

నీళ్ల మార్పు, పెంకు విడవడం

రెండో వారం నుంచి రెండు మూడు రోజులకోసారి నాలుగో వంతు నీళ్లు మార్చండి. ఆక్సిజన్ పంపుకు వాడే సన్నటి గొట్టంతో సైఫన్ చేస్తే అడుగు చెత్త నెమ్మదిగా వస్తుంది. ఇసుకను లోతుగా పీల్చకండి, గుడ్లు ఉండేది అందులోనే. తీసిన నీళ్లను తెల్ల గిన్నెలోకి పట్టి, అడుగున గుడ్లు చేరాయేమో చూసి పారబోయండి. కొత్త నీళ్లు పాత నీళ్ల వేడిలోనే ఉండాలి. క్లోరిన్ విరిచే చుక్కలు ప్రతిసారీ వేయాలి, ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకోవద్దు.

ఏదో ఒక పొద్దున తొట్టిలో కళ్లు, కాళ్లు, తోకతో సహా ఒక ట్రయాప్స్ కదలకుండా పడి ఉంటుంది. కంగారు పడకండి. డ్రాపర్‌తో కదిపి చూడండి. గాజు కాగితంలా అవతలి ఇసుక కనిపిస్తుంటే అది వదిలేసిన పెంకు. చిన్న వయసులో దాదాపు రోజూ విడుస్తాయి, పెద్దయ్యాక ఎడం పెరుగుతుంది. విడిచే ముందు తిండి మానేసి, ఒక మూల ఒంగుతూ సాగుతూ ఉంటుంది. అప్పుడు నీళ్లు మార్చకండి, తొట్టిని కదపకండి. వదిలిన పెంకును కాసేపు అలాగే ఉంచితే తినడం చూడొచ్చు. తినకపోతే సాయంత్రానికి తీసేయండి.

పెంకు సగంలో చిక్కుకుని చనిపోవడం జరుగుతుంటుంది. నీళ్లలో కాల్షియం తక్కువైనా, నీళ్లు పాడైనా, ముసలిదైనా ఇలా అవుతుంది. పక్షుల బోనులో పెట్టే కటిల్‌బోన్ ముక్క గానీ, ఉడికించి లోపలి పొర తీసిన గుడ్డు పెంకు గానీ తొట్టిలో వేస్తే కొంత మేలు. చిక్కుకున్న పెంకును చేత్తో లాగి సాయం చేయబోకండి, కాళ్లు ఊడొస్తాయి.

ప్రమాదం ముందే తెలియాలంటే

వెల్లకిలా తిరిగి నీటిపైన కాళ్లాడిస్తూ తేలడం చూసి చాలామంది భయపడతారు. ఒకటీ అరా అలా చేస్తుంటే పైన తేలే తిండి ఏరుకుంటోందని. అన్నీ కలిసి పైకి చేరి, కిందికి దిగడమే లేదంటే నీళ్లలో ఆక్సిజన్ అయిపోతోందని. వెంటనే మూడో వంతు నీళ్లు మార్చి, గాలి పంపు పెంచండి. ఒళ్లు గులాబి రంగుకో ఎరుపుకో తిరగడమూ ఇలాంటి సూచనే కావచ్చు. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఇవి రక్తంలో హిమోగ్లోబిన్ పెంచుకుంటాయి, ఒళ్లు పలచన కాబట్టి ఆ రంగు బయటికి కనిపిస్తుంది.

నీళ్లు పాలలా మారాయంటే తిండి ఎక్కువైంది. ఒక రోజు తిండి ఆపి, రోజూ నాలుగో వంతు నీళ్లు మార్చుతూ వెళ్లండి. మొత్తం ఒకేసారి మార్చితే ఆ దెబ్బకే పోతాయి.

ముందు రోజు దాకా బాగున్నవి తెల్లారేసరికి అన్నీ చచ్చిపడితే, విషం చేరిందని ముందు అనుమానించండి. దోమల మందు, బొద్దింకల స్ప్రే, గది సువాసన స్ప్రే. గాలి పంపు గదిలోని గాలినే నీళ్లలోకి పంపుతుందని గుర్తుంచుకోండి. ఆ గదిలో కీటకాల మందు కొట్టకుండా ఉండటమే మంచిది. చేతికి రాసుకున్న క్రీము, శానిటైజరు కూడా నీళ్లలో కలవకూడదు.

గుడ్లు

పది పద్నాలుగు రోజుల వయసులో కొన్నిటి పొట్ట పక్కన, కాళ్ల మధ్య రెండు చిన్న సంచులు, వాటిలో నారింజ రంగు చుక్కలు కనిపిస్తాయి. పదకొండో జత కాళ్ల మీద ఉండే గుడ్ల సంచులు అవి. తొట్టి గోడ ఎక్కేటప్పుడు పక్క నుంచి చూస్తే బాగా తెలుస్తాయి. ఒక్కటే మిగిలిందని దిగులు పడకండి. చాలా ట్రయాప్స్ గుంపుల్లో ఒంటరిగా పెరిగినదీ పిల్లలొచ్చే గుడ్లు పెట్టగలదు. ఇసుకలో గుంట తీసి, దాని మీద కాసేపు కూర్చుని, మళ్లీ ఇసుక కప్పి పోతుంది. ఇది దాదాపు రోజూ సాగుతుంది.

నీళ్లు ఎంత వెచ్చగా ఉంటే బతుకు అంత పొట్టి. 25 డిగ్రీల దగ్గర ఆరేడు వారాలు మామూలు, బాగా చూసుకుంటే కొన్ని మూడు నెలల దాకా ఉంటాయి. చివరి రోజుల్లో తవ్వడం తగ్గుతుంది, తోక కొసలు విరుగుతాయి, తిండి దగ్గర పెట్టినా వాసన పట్టడానికి సమయం తీసుకుంటుంది. చనిపోయినదాన్ని ఆ పూటే తీసేయండి.

తొట్టిలో ఇక ఏదీ మిగలనప్పుడు నీళ్లు సైఫన్‌తో తీసేసి, ఇసుకను వెడల్పాటి పళ్లెంలో పలచగా పరవండి. పైన సన్నటి గుడ్డ కప్పి, నీడలో గాలి తగిలేచోట పెట్టండి. రెండు మూడు రోజులకోసారి కలబెడితే అడుగు తడి కూడా పోతుంది. ఇసుక వేళ్ల మధ్య జారిపోయేంత పొడిగా అయ్యాక కూడా ఇంకో రెండు మూడు వారాలు అలాగే ఉంచండి. కొన్ని గుడ్లు ఎండకుండానే పగులుతాయి గానీ, చాలావాటికి ఈ ఎండటమే తాళం చెవి. ఎండిన గుడ్డు మొండిది. మరిగే వేడికి దగ్గరగా వెళ్లినా తట్టుకున్న గుడ్ల గురించి 1968లోనే శాస్త్రవేత్తలు రాశారు. అలాగని మీరు ప్రయోగం చేయక్కర్లేదు. కాగితం కవరులో పోసి, జాతి పేరు, ఎండబెట్టిన తేదీ రాసి, తేమ తగలని అరలో పెట్టండి. ఏళ్ల తరబడి నిలవుంటాయి. ప్లాస్టిక్ సంచిలో పెడితే మిగిలిన తడికి బూజు పడుతుంది.

మళ్లీ వేసేటప్పుడు లీటరు నీళ్లకు ఒక చెంచా ఇసుక చాలు. ఈ ఇసుకలో పాత తిండి తునకలు, మలం ఉంటాయి కాబట్టి ఎక్కువ వేస్తే మొదటి రోజే నీళ్లు పాడవుతాయి. ఆకు ముక్క కూడా ఈసారి అక్కర్లేకపోవచ్చు.

ఎక్కువైన పిల్లల్ని, ఇసుకను ఊళ్లో చెరువులోనో పొలంలోనో వదిలేయాలనిపిస్తే ఆ పని చేయకండి. జపాన్‌లో నాట్లు వేసిన వరి మళ్లలో ఇవి కలుపు మొలకలు పీకేస్తాయని రైతులు ఇష్టపడతారు. కాలిఫోర్నియాలో నీళ్లలోనే విత్తనం చల్లే వరి పొలాల్లో ఇవే లేత మొలకలను పీకి, నీళ్లను బురద చేసి పురుగు మందు కొట్టించుకుంటాయి. పరాయి జాతి ఒకసారి మట్టిలో గుడ్లు పెట్టిందంటే తీయడం ఎవరి తరమూ కాదు. గుంటల్లోంచి పట్టి తెచ్చే ముందు కూడా అక్కడి చట్టం కనుక్కోండి. బ్రిటన్‌లో ట్రయాప్స్ కాంక్రిఫార్మిస్, అమెరికాలో వీటి దగ్గరి చుట్టమైన లెపిడ్యురస్ ప్యాకార్డి రక్షిత జాతులు. మిగిలిపోయిన ఇసుక మీకు వద్దనుకుంటే ఒవెన్‌లో వేడి చేసి గానీ, నీళ్లలో బాగా మరిగించి గానీ చెత్తలో వేయండి. తొట్టి కడిగిన నీళ్లు కూడా కాలువలో పోయకండి, వాటిలోనూ గుడ్లు ఉండొచ్చు.